కొత్త ఆఫీస్ మనకు అవసరమా?



ఈ వార్షికోత్సవానికి పూర్వ విద్యార్థులం కొంత డబ్బు పోగుచేశాం. ఉద్యోగాల్లో ఉన్న అన్నయ్యలు వేలల్లో, ఇంకా చదువుకుంటున్న మాబోటి వాళ్ళం వందల్లో వేసుకుంటే మొత్తం 32,000 రూపాయలు తేలింది. దీన్ని ఎందుకు ఖర్చు పెట్టాలన్న దాని మీద సంక్రాంతి సెలవుల్లో మన హాస్టల్ వరండాలో కూర్చున్నాం. స్టడీ అవర్ పక్కగదిలో నాలుగు కంప్యూటర్లున్నాయి కదా. వాటిలో ఉన్నది విండోస్ 7, మైక్రోసాఫ్ట్ ఆఫీస్ 2007. ఆ నాలుగింటికీ సరికొత్త ఆఫీస్ కొని వేయిద్దామని కొందరన్నారు. మేము వద్దన్నాం. వాదన భోజనం గంట కొట్టేదాకా సాగింది, గంట కొట్టాక కూడా కంచాల దగ్గర సాగింది. సంచిక చూసే తమ్ముళ్ళు "అన్నా, ఆ గొడవేదో కాగితం మీద పెట్టి ఇవ్వండి" అన్నారు. అందుకని ఇది.

ముందు అవతలి వాళ్ళ మాట చెప్పాలి. అందులో బలం లేకపోతే మేమింత దూరం రాసేవాళ్ళం కాదు. మాతో పాటు ఇదే హాస్టల్లో ఏడేళ్ళు ఉన్న మిత్రుడు లేచి, "మన బతుకంతా పాతవేనా? ముందు బ్యాచ్ వాళ్ళు వదిలేసిన పుస్తకాలు, అన్నయ్య వాడేసిన ట్రంకు పెట్టె, ఏదో కంపెనీ వద్దనుకుని పంపిన కంప్యూటర్. కార్పొరేట్ కాలేజీలో చదివేవాడికి మాత్రం ప్రతిదీ సీలు విప్పి ఇస్తారు. ఒక్కసారి, మన డబ్బుతో, మనం కూడా కొత్తది కొనుక్కోకూడదా?" అన్నాడు. కాసేపు ఎవరం మాట్లాడలేదు. మా ఇళ్ళల్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్ళం మేమే. ఆ మాట ఎక్కడ తగులుతుందో మాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ధరల లెక్క చెప్పేసి దీనికి జవాబిచ్చామనుకుంటే అది తప్పించుకోవడమే అవుతుంది. అయినా లెక్క చూడక తప్పదు కాబట్టి ముందు అది చూసి, మళ్ళీ ఈ మాట దగ్గరికే వద్దాం.

ఇవాళ బజార్లో మైక్రోసాఫ్ట్ ఆఫీస్ రెండు రకాలుగా దొరుకుతోంది. ఒకటి ఆఫీస్ 2024. ఆ ఏడాది అక్టోబరులో వచ్చింది. ఒకసారి డబ్బు కట్టి కొనుక్కునేది, ఒక లైసెన్సు ఒక్క కంప్యూటర్‌కే. దానికి భద్రతా మరమ్మతులు 2029 అక్టోబరు వరకే ఇస్తామని కంపెనీ ముందే చెప్పింది. రెండోది మైక్రోసాఫ్ట్ 365, అంటే చందా. పాలవాడికి కట్టినట్టు కడుతూనే ఉండాలి. చందా ఆగిపోతే మనం రాసుకున్న ఫైల్‌ను తెరిచి చూడొచ్చు, ప్రింటు తీసుకోవచ్చు గానీ అందులో ఒక్క అక్షరం దిద్దలేం, కొత్తది మొదలుపెట్టలేం. ఈ ఏడాది మనం చందా వేసుకున్నాం సరే, వచ్చే ఏడాది ఎవరు వేస్తారు? అప్పటికి పదో తరగతిలో ఉండే తమ్ముడు తన ప్రాజెక్టును అద్దంలో బొమ్మలా చూస్తూ కూర్చోవాలా?

పోనీ కొన్నామే అనుకోండి. ఈ రెండింటిలో ఏదీ విండోస్ 7 మీద ఎక్కదు. కనీసం విండోస్ 10 కావాలి. ఆ విండోస్ 10కి కూడా 2025 అక్టోబరు 14తో మామూలు మద్దతు అయిపోయింది. మరి విండోస్ 11 వేద్దామంటే అది టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు, కొత్త తరం ప్రాసెసర్ ఉంటే తప్ప ఒప్పుకోదు. మన నాలుగు కంప్యూటర్లకు అవి లేవు. అంటే ఆఫీస్ కోసం విండోస్, విండోస్ కోసం కంప్యూటర్. గోచీని ఎలుకలు కొరుకుతున్నాయని పిల్లిని, పిల్లికి పాల కోసం ఆవును తెచ్చుకుని చివరకు సంసారంలో పడ్డ సన్యాసి కథ చిన్నప్పుడు మనమంతా విన్నదే. 32,000 పిల్లి దగ్గరే అయిపోతుంది.

ఇంత చేసి కొత్తదాంట్లో మనకు వచ్చేదేమిటి? మనం నిజంగా చేసే పనులు ఏవో చూద్దాం. ఎమ్మార్వో గారికో, సోమవారం కలెక్టరేట్‌లో ఇచ్చేందుకో ఇంట్లో వాళ్ళ కోసం ఒక అర్జీ. బయోడేటా. డిగ్రీ వాళ్ళకు ప్రాజెక్టు రిపోర్టు, సెమినార్‌కు పదిహేను స్లైడ్లు. మెస్ కమిటీ వాళ్ళకు బియ్యం, పప్పు, గుడ్లు ఎన్ని వచ్చాయి, ఎన్ని అయ్యాయి అన్న లెక్క. వీటన్నిటికీ కావలసిన సరంజామా 2007లోనే ఉంది. నిజానికి అంతకు ముందూ ఉంది. గడుల్లో అంకెలు వేస్తే అదే కూడిపెట్టే పద్ధతి 1979లో విజికాల్క్ అనే ప్రోగ్రాంతో వచ్చింది. ఎక్సెల్ 1985లో వచ్చింది. 2007లో జరిగిన పెద్ద మార్పులు రెండు: పైనున్న మెనూలు పోయి రిబ్బన్ రావడం, ఫైళ్ళు డాక్ నుంచి డాక్స్‌కు మారడం. ఆ తరువాత వచ్చినవాటిలో ఒకే ఫైల్‌ను నలుగురు ఒకేసారి దిద్దుకునే సౌకర్యం నిజంగా మంచిది, కాదనం. ఎక్స్‌లుకప్ వంటి కొత్త ఫార్ములాలూ బాగుంటాయి. అయితే మాలో ఒకరికి ఆ ఫార్ములాతోనే అనుభవమైంది. పీజీలో సర్వే లెక్కలన్నీ కొత్త ఎక్సెల్‌లో ఎక్స్‌లుకప్‌తో కట్టుకుని, వైవా రోజున వేరే గదిలో ఉన్న పాత ఎక్సెల్‌లో తెరిచి లెక్కను కదిలిస్తే అంకెలు ఉండాల్సిన చోట తప్పు గుర్తులు వరసగా నిలబడ్డాయి. ఎగ్జామినర్ గారు మంచివారు కాబట్టి కాగితం మీద చూశారు. కొత్తది వాడేవాడికి ఎదుటివాడి దగ్గర కూడా కొత్తదే ఉండాలి మరి.

ఇంతవరకు చదివి, వీళ్ళు పాతదే చాలంటున్నారని అనుకోకండి. అదీ కాదు. తాడిచెట్టు ఎక్కే మావయ్యలు మోకు కొత్తదా పాతదా అని చూడరు, ఎక్కడైనా అరిగిందా అని చూస్తారు. మన ఆఫీస్ 2007 అరిగిపోయిన మోకే. దానికి 2017 అక్టోబరు నుంచి మరమ్మతులు లేవు. నెట్ సెంటర్ నుంచి పెన్‌డ్రైవ్ తెచ్చి పెడితే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారిపోయిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. పైగా అది ఎక్కడిది? మార్కర్ పెన్నుతో నంబరు రాసిన సీడీలోంచి ఎక్కించింది. పచ్చిగా చెప్పాలంటే దొంగ కాపీ. మనమెవరం అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

పాత ఫైల్ ఎంత ముంచగలదో చూడాలంటే 2020లో ఇంగ్లండులో జరిగింది చాలు. కోవిడ్ పరీక్షల ఫలితాలు చేర్చే చోట పాత ఎక్స్‌ఎల్‌ఎస్ రకం ఫైల్ వాడారు. అందులో 65,536 వరుసలకు మించి పట్టవు. మించినవి మాట్లాడకుండా రాలిపోయాయి. సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట కలిపి 15,841 కేసులు లెక్కలోకి రాకుండా ఆగిపోయాయి. వాళ్ళతో కలిసి తిరిగినవాళ్ళను వెతికి హెచ్చరించడం అన్ని రోజులు ఆలస్యమైంది. 2007 నుంచి వచ్చిన ఫైల్ రకంలో 10,48,576 వరుసలు పడతాయి. అంత డబ్బున్న దేశంలో, అంత ముఖ్యమైన పనిలో ఎవరూ ఆ రకం మార్చలేదు. కాబట్టి మారాలి అన్నదానిలో మాకూ మా మిత్రుడికీ తేడా లేదు. దేనికి మారాలన్నదే తగువు.

మేము చెప్పేది లిబ్రే ఆఫీస్. 2000 సంవత్సరంలో సన్ కంపెనీ తన స్టార్ ఆఫీస్ ప్రోగ్రాం మూలాన్ని అందరికీ తెరిచిపెట్టింది. అది ఓపెన్ ఆఫీస్ అయింది. దానిలోంచి 2010లో లిబ్రే ఆఫీస్ విడిగా వచ్చింది. రాత, లెక్క, స్లైడ్లు మూడూ ఉన్నాయి. డాక్స్ ఫైళ్ళు తెరుస్తుంది, డాక్స్‌గానే దాస్తుంది. మెనూలను తెలుగులో పెట్టుకునే వీలు కూడా ఉంది. డబ్బు అక్కర్లేదు, చందా లేదు, ఎన్ని కంప్యూటర్లలో వేసుకున్నా దొంగతనం కాదు. 2025 ఆగస్టులో వచ్చిన వెర్షన్ నుంచి ఇదీ విండోస్ 7ను వదిలేసింది కాబట్టి మన వాటిలో ముందు లినక్స్ వేయాలి. అదీ ఉచితమే, పాత కంప్యూటర్ మీద తేలిగ్గా నడుస్తుంది.

ఇప్పుడు మిత్రుడి మాట దగ్గరికి వద్దాం. "ఉచితం అంటే మళ్ళీ మనకు దానం ఇచ్చినట్టే కదా" అన్నాడతను. ఇక్కడే మేము ఒప్పుకోలేదు. దానం అంటే ఒకరు వాడి, విసిగి, మనకు తోసేసింది. ఇది అలాంటిది కాదు. జర్మనీలో ష్లెస్విగ్ హోల్‌స్టైన్ అనే రాష్ట్ర ప్రభుత్వం తన ఆఫీసుల్లోని 30,000 కంప్యూటర్లను లిబ్రే ఆఫీస్‌కు మారుస్తామని 2024 ఏప్రిల్‌లో ప్రకటించింది. అక్కడి గుమాస్తా తెరిచేదీ, మన పదో తరగతి తమ్ముడు తెరిచేదీ ఒకటే ప్రోగ్రాం, ఒకటే వెర్షన్. మన పక్కనున్న కేరళ 2001లో ఐటీ ఎట్ స్కూల్ అనే పథకం మొదలుపెట్టి, కొన్నేళ్ళలోనే సర్కారు బడుల కంప్యూటర్లను స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు మార్చింది. అక్కడి పిల్లలు దాని మీదే పరీక్షలు రాశారు. మన హైదరాబాదులోనూ 2005 నుంచి స్వేచ్ఛ అనే సంస్థ తెలుగులో ఈ పని చేస్తోంది. మైక్రోసాఫ్టే దిక్కు కాదనడానికి ఇంకో గుర్తు, 2025 అక్టోబరులో కేంద్ర విద్యాశాఖ తన అధికారులను తమిళనాడులో పుట్టిన జోహో వారి ఆఫీస్ వాడమనడం. జోహో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాదు, అది వేరే సంగతి.

అందరూ మారి సుఖపడ్డారనీ చెప్పం. మ్యూనిక్ నగరం 2003లో లినక్స్‌కు మారాలని నిర్ణయించి, ఏళ్ళ తరబడి శ్రమపడి, 2017లో మళ్ళీ విండోస్‌కే వెళ్ళాలని తీర్మానించుకుంది. లిబ్రే ఆఫీస్‌లో చేసిన పెద్ద పట్టిక వర్డ్‌లో తెరిస్తే ఒక్కోసారి గీతలు పక్కకు జరుగుతాయి. పంపేటప్పుడు పీడీఎఫ్ చేసి పంపితే ఆ బాధ ఉండదు. దిద్దవలసిన ఫైల్ అయితే కొంచెం ఓపిక పట్టాలి.

ఇంకో మాట కోనసీమ వాళ్ళకే తెలుస్తుంది. నెట్‌లోనే రాసుకునే ఉచిత వర్డ్ ఉంది కదా, అది చాలదా అని ఒక తమ్ముడు అడిగాడు. నెట్ ఉన్నన్నాళ్ళూ చాలు. 2022లో మన జిల్లాకు అంబేడ్కర్ గారి పేరు పెట్టే నిర్ణయం మీద మే 24న అమలాపురంలో అల్లర్లు జరిగాయి. ఆ తరువాత రెండు వారాల పాటు జిల్లాలో మొబైల్ ఇంటర్నెట్ నిలిచిపోయింది. అప్పుడు డిగ్రీ చదువుతున్నవాళ్ళం, అసైన్‌మెంట్లు పంపడానికి దిండి దగ్గర చించినాడ వంతెన దాటి పశ్చిమ గోదావరి ఒడ్డుకు వెళ్ళి ఫోన్లు పైకెత్తి నిలబడ్డాం. కంప్యూటర్‌లో రాసుకున్నవాడు పని పూర్తిచేసుకుని, పంపడానికి మాత్రమే వెళ్ళాడు. నెట్‌లో దాచుకున్నవాడికి తన రాతే తనకు కనపడలేదు. ఆ పేరు కోసం ఆనందపడిన ఇళ్ళల్లోంచి వచ్చినవాళ్ళం మనలో చాలామందిమి. ఆ రెండు వారాలూ ఎలా గడిచాయో వేరే సంచికలో రాసుకోదగ్గ విషయం. ఇక్కడికి కావలసింది ఇంతే: మన రాత మన పెట్టెలో ఉండాలి.

ఒక్కచోట మాత్రం మేము తగ్గాం. గ్రూప్-2 వంటి ఉద్యోగాలకు కంప్యూటర్ ప్రావీణ్య పరీక్ష ఉంది. అందులో వర్డ్, ఎక్సెల్, పవర్‌పాయింట్ పేర్లతోనే అడుగుతారు. లిబ్రే ఆఫీస్ చేయి తిరిగినవాడు ఆ బటన్లు నాలుగు రోజుల్లో పట్టుకుంటాడన్నది మా నమ్మకం. కానీ ఒక్క పరీక్ష మీద ఒక ఇంటి భవిష్యత్తు నిలబడి ఉన్నప్పుడు, నమ్మకం చాలు పదమని తమ్ముణ్ణి తోసేసే ధైర్యం మాకు లేదు. కాబట్టి నాలుగింటికీ వద్దు, ఒక్కదానికి కొందాం. మూడు పాత కంప్యూటర్లకు ర్యామ్ పెంచి, హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ పెట్టి, లినక్స్, లిబ్రే ఆఫీస్ వేద్దాం. మిగిలినదానికి ఇంకొంత వేసుకుని నాలుగోది కొత్త కంప్యూటరే తెచ్చి, దాంట్లో ఆఫీస్ 2024 వేసి, పరీక్షలకు తయారయ్యేవాళ్ళకు గంటల వారీగా రిజిస్టర్ పెడదాం. దాని సీలు మా మిత్రుడి చేతే విప్పిద్దాం. ఇంతవరకు అతను కూడా ఒప్పుకున్నాడు, కాకపోతే నవ్వుతూ.

అయితే ఈ గొడవలో ఉండగానే మాకు ఇంకో సంగతి బయటపడింది. నిజానికి ఆఫీస్ కంటే అదే మమ్మల్ని ఎక్కువ కదిలించింది.

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలు 2003 నుంచి వచ్చాయని పెద్దవాళ్ళు చెబుతారు. స్టోర్ రూం బీరువాలో ఒక సీడీ దొరికింది. మీద "మ్యాగజైన్ 2005, 2006, 2007" అని రాసి ఉంది. ఎంతో సంబరంగా పట్టుకెళ్ళి కంప్యూటర్‌లో పెట్టాం. ఆ పేజీల ఫైళ్ళు మన దగ్గరున్న దేంట్లోనూ తెరుచుకోలేదు. వాటితో పాటు వర్డ్‌లో దాచిన వ్యాసాలు కొన్ని తెరుచుకున్నాయి గానీ తెలుగు ఒక్క అక్షరం లేదు. ఇంగ్లీషు అక్షరాలు, మధ్యలో కొమ్ములూ చుక్కలూ, అర్థంలేని గుర్తులూ. వాటిని రాజోలులో ఒక డీటీపీ సెంటర్‌కు తీసుకెళ్తే ఆ బాబాయ్ గారు చూసి, "ఆయ్, ఇది పాత ఫాంటు బాబూ, ఆ ఫాంటు ఉంటేగానీ చదవలేమండి" అన్నారు.

కారణం ఇదీ. ఆ రోజుల్లో ప్రింటు కోసం వాడిన తెలుగు ఫాంట్లలో, కంప్యూటర్ లోపల దాచేది ఇంగ్లీషు అక్షరాల సంకేతాలనే. వాటి మీద తెలుగు బొమ్మలు తొడిగేవారు. ఫాంటు ఉంటే అది "అమ్మ", లేకపోతే నాలుగు పిచ్చి గుర్తులు. యూనికోడ్ పద్ధతిలో అలా కాదు. "అ"కు 0సీ05, "క"కు 0సీ15 అని ప్రతి తెలుగు అక్షరానికీ తనకంటూ ఒక నంబరు ఉంది. ఫోన్‌లో అయినా, జర్మనీలో అయినా అది తెలుగే. విండోస్ ఎక్స్‌పీతో 2001లోనే గౌతమి అనే యూనికోడ్ తెలుగు ఫాంటు మన ముందుకు వచ్చింది. పోతన, వేమన పేర్లతో ఉచిత ఫాంట్లు కూడా ఉండేవి. తెలుగు వికీపీడియా 2003లో మొదలైంది. పాత ఫాంట్ల వెబ్ పేజీలను యూనికోడ్‌లోకి మార్చి చూపించే పద్మ అనే పనిముట్టును కూడా ఆ దశాబ్దంలోనే తయారుచేశారు. అంటే మన అన్నయ్యలు 2005లో సంచిక రాసేనాటికే దారి ఉంది. ఎవరూ చెప్పలేదంతే. వాళ్ళ తప్పేం లేదు, ప్రెస్‌కు ఏది కావాలో అది టైపు చేయించారు. ఇది రూపాయి ఖర్చులేని మార్పు, మన ఆఫీస్ 2007లో కూడా చేయగలిగిన మార్పు. కొత్త వెర్షన్లు ఎన్ని కొన్నా ఇది చేయకపోతే ఆ సీడీ అలాగే ఉంటుంది.

ఆ ఫైళ్ళలో ఏముందో తెలిసినవాళ్ళు కొందరున్నారు. 2006 సంచికలో, తన తల్లి కొబ్బరి పీచు ఫ్యాక్టరీలో పడిన కష్టం మీద ఒక తొమ్మిదో తరగతి కుర్రాడు రాశాడని, అది చదివి అప్పటి వార్డెన్ గారు కళ్ళు తుడుచుకున్నారని ఒక అన్నయ్య చెప్పారు. ఆ కుర్రాడికి ఇప్పుడు ముప్పై దాటి ఉంటాయి. తన దగ్గర కూడా కాపీ ఉందో లేదో. మనలాంటి ఇళ్ళల్లో తాతల రాతలుండవు, దస్తావేజులుండవు. ఉన్నదల్లా ఈ సంచికలే.

ఆ ఫాంట్లను యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు నెట్‌లో ఉన్నాయి. ఒక వ్యాసం మీద ప్రయత్నించాం. ముప్పావు వంతు వచ్చింది, ఒత్తులు చాలా చోట్ల తారుమారయ్యాయి. అచ్చు కాపీ పక్కన పెట్టుకుని దిద్దితే మిగతాదీ వస్తుంది. ఈ ఏడాది సంచిక మాత్రం మొత్తం లిబ్రే ఆఫీస్‌లో, యూనికోడ్‌లో, మండలి ఫాంటుతో టైపు చేస్తున్నారు తమ్ముళ్ళు. ప్రెస్ వాళ్ళు మొదట విసుక్కున్నారట, తరువాత పీడీఎఫ్ తీసుకున్నారు.

2005, 2007 సంచికల అచ్చు కాపీలు మాకు దొరికాయి. 2006ది దొరకలేదు. సఖినేటిపల్లి, అంతర్వేది, శంకరగుప్తం, కేశనపల్లి వైపు ఆ బ్యాచ్ వాళ్ళు చాలామంది ఉన్నారు. ఎవరి ఇంట్లోనైనా అటక మీదో, పాత ట్రంకు పెట్టెలోనో ఉంటే హాస్టల్ మెస్ కమిటీకి అందజేయండి. అట్ట లేకపోయినా ఫరవాలేదు. రెండు రోజుల్లో టైపు చేసి, మీ కాపీ మీకు తిరిగి ఇచ్చేస్తాం.